ఒడి నుంచి ఒడికి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును గుర్తు చేసుకోవడానికి ఏటా ఈ రోజున కలుస్తున్నాం. పెన్షన్ ఎవరో దయతలచి వేసే ముష్టి కాదు, గతంలో చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. కరువు భత్యం, ఆరోగ్య కార్డులు, బకాయిల సంగతులు నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకు ముందే మాట్లాడారు. నన్ను మాత్రం ఏదైనా ఇంటి మాట చెప్పమన్నారు. అందుచేత తాతతనం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అసలు కన్నా వడ్డీ ముద్దని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ వడ్డీ ఎన్ని తరాల అసలు మీద వచ్చిందో లెక్క వేయడమే నా ప్రయత్నం. జీవితమంతా లెక్కలు రాసిన రెవెన్యూ గుమాస్తాను కదా, అలవాటు పోలేదు.

నేను నందన నామ సంవత్సరంలో, అంటే 1952లో, పర్చూరు ప్రాంతపు నల్లరేగడి ఊళ్లో పుట్టాను. 58 ఏళ్లు నిండి 2010లో పదవీ విరమణ చేశాను. మన సంవత్సరాల పేర్లు అరవైకి ఒకసారి తిరిగి వస్తాయి. 2012లో నందన మళ్లీ వచ్చింది. నాకు అరవై నిండాయి. ఆ కార్తీకంలోనే మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. మా అమ్మమ్మ పుట్టింది కూడా నందనలోనే, 1892లో. అంతకు ముందరి నందన 1832. ఆ నందన పేరు చెబితే మా గుంటూరు సీమలో పాతవాళ్లు చెంపలు వేసుకునేవారు. నందన కరువు, డొక్కల కరువు అని చెప్పుకునేది దాన్నే.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గుంటూరు జిల్లాలో అప్పటికి ఉన్న సుమారు 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల దాకా చనిపోయారని చరిత్రకారులు రాశారు. అంటే ఇంచుమించు ముగ్గురిలో ఒకరు. తిండి దొరుకుతుందేమోనని మద్రాసు దారి పట్టిన జనం దారిపొడవునా రాలిపోయారు. అప్పటికి కృష్ణ మీద ఆనకట్ట లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆ నీళ్లు డెల్టాకు అందాయి గాని మెట్ట రేగడికి అందలేదు. మా మెట్టకు కాలువ నీరు రావడానికి 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలేదాకా ఆగవలసి వచ్చింది.

ఆ కరువు నాటికి మా వంశంలో నాలుగేళ్ల ఆడపిల్ల ఒకతె ఉంది. తల్లీ తండ్రీ మిగిలిన పిల్లలను తీసుకుని మద్రాసు దారిన పోతూ, నడవలేని ఈ పిల్లను మేనత్త ఇంట దించారు. మేనత్త ఇంట్లో ఒక పాతరలో అడుగున కాసిని జొన్నలు ఉన్నాయట. పోయినవాళ్లు తిరిగి రాలేదు. ఎక్కడ పడిపోయారో చెప్పినవాళ్లు కూడా లేరు. పిల్ల బతికింది. ఈడు వచ్చాక ఆ మేనత్త కొడుకునే చేసుకుంది. ఆమె కూతురి కూతురే మా అమ్మమ్మ.

ఈ సంగతి నేను పుస్తకంలో చదవలేదు. మా అమ్మమ్మకు పదేళ్లు వచ్చేదాకా ఆ ముసలమ్మ బతికే ఉంది. ఆమె ఒళ్లో కూచుని మా అమ్మమ్మ ఈ కథ విన్నది. అమ్మమ్మ 1970లో పోయింది. ఆమె ఒళ్లో కూచుని నేను విన్నాను. నా ఒళ్లో కూచుని నా మనవరాలు విన్నది. ఆలోచించండి. 1832 కరువును కళ్లతో చూసిన మనిషికీ, ఈనాడు సెల్‌ఫోన్ పట్టుకున్న పిల్లకీ మధ్య ఉన్నవి రెండే ఒళ్లు: మా అమ్మమ్మది, నాది. చరిత్ర పుస్తకంలో చదివితే 1832 ఎంతో దూరంగా కనిపిస్తుంది. ఒళ్ల లెక్కన చూస్తే పక్కింట్లో ఉన్నట్టే ఉంటుంది.

ఇక పేరు సంగతి. బతికిన ఆ పిల్లకు మా ఊరి అమ్మవారి పేరు ఉండేది. ఆ పేరే మనవరాలయిన మా అమ్మమ్మకు పెట్టారు. అమ్మమ్మ పేరు మా అక్కకు పెట్టారు. ఒక తరం విడిచి ఒక తరం. ఇంటిపేర్లు మారినా ఆ పేరు మాత్రం పెళ్లయిన ఆడపిల్ల వెంట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడుచుకుంటూ వచ్చింది.

తాత పేరు మనవడికి, అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టడం మన ఇళ్లలో అందరికీ అలవాటే. ఇది ఎంత పాత అలవాటో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. అమరావతి స్తూపం దగ్గర దొరికిన బ్రాహ్మీ లిపి శాసనాలలో ఒకటి విధికుడనే చర్మకారుడిది. ఇతను నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలక దానం చేశానని రాయించాడు. కొడుకు పేరు కూడా చెప్పాడు. ఆ పేరు నాగుడు. తాత నాగుడు, మనవడు నాగుడు. శాతవాహనుల కాలం నాటి మాట ఇది. తోలు పని చేసుకునే గృహస్థు ఒకడు మన గుంటూరు నేల మీద తన తండ్రి పేరును కొడుకులో చూసుకున్నాడు. రాజుల పేర్లు ఎన్నో మరిచిపోయాం. ఇతని ఇంటిల్లిపాదీ రాతి మీద మిగిలారు.

రాజుల్లో కూడా ఇదే పద్ధతి. సాగర్ జలాశయం కింద మునిగిన విజయపురిలో క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకులు ఏలారు. మొదటివాడు శాంతమూలుడు. అతని కొడుకు వీరపురుషదత్తుడు. మనవడు ఎహువల శాంతమూలుడు. మళ్లీ తాత పేరే. ఇంకొక విశేషం ఉంది. ఈ రాజులు తమ పేరుకు ముందు తల్లి గోత్రం చెప్పుకున్నారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. తల్లి ఏ ఇంటి ఆడపడుచో లోకానికి తెలియాలని వారి ఉద్దేశం. వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్లనే పెళ్లాడినట్టు అక్కడి శాసనాలే చెబుతున్నాయి. మా కరువు పిల్ల మేనరికానికి పదిహేను వందల ఏళ్ల ముందు మాట. ఆ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఇప్పుడది నీటి నడుమ ద్వీపం. ఆ ఊరిని ముంచిన నీళ్లే కుడి కాలువలో వచ్చి మన పత్తినీ మిరపనూ తడుపుతున్నాయి. పెద్దల నేల మీదుగా వచ్చిన నీళ్లతో పిల్లలకు అన్నం పెడుతున్నాం.

అయితే తాతల నాటిది అనుకున్నదల్లా తాతల నాటిది కాదు. గుంటూరు అంటే మిరపకాయ అంటారు. ఆ మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వర్తకుల వెంట వచ్చింది. అంతకు ముందు మన వంటింట్లో కారమంటే మిరియమే. పలనాటి జొన్నకూటి మీద చాటువులు చెప్పాడని పేరుపడ్డ శ్రీనాథుడు ఎండుమిరపకాయ ఎరగడు. కాబట్టి మనవలు కొత్త తిండి తింటున్నారని, కొత్త పేర్లు పెట్టుకుంటున్నారని మరీ బాధపడవద్దు. మన పచ్చడి కూడా ఒకప్పటి కొత్త రుచే.

మనం పెద్దలను ఎంతవరకు గుర్తుంచుకుంటున్నాం? పితృకార్యంలో పేరు పెట్టి తలిచేది తండ్రి, తాత, ముత్తాత. మూడు తరాలు. తల్లి, నాయనమ్మ, తాతమ్మ పేర్లు కూడా ఆ తంతులో ఉన్నాయి. పురోహితులు అడిగినప్పుడు తాతమ్మ పేరు దగ్గర మనలో చాలామంది పక్కనున్న అక్క మొహమో బాబాయి మొహమో చూస్తాం. పైతరం వారు ఉన్నంతవరకు ఆ చూపుకు జవాబు దొరుకుతుంది. ఇప్పుడు మన మొహం చూసేవాళ్లే గాని మనం చూడడానికి పెద్దలు లేరు. ఈ సభలో చాలామంది పరిస్థితి ఇదేనని నా ఊహ.

ఒకప్పుడు ఈ పని చేయడానికి మనుషులుండేవారు. పంటలు ఇంటికి వచ్చాక రైతుల లోగిళ్లలోకి వచ్చి వారి ఇంటిపేర్లూ గోత్రాలూ వంశకథలూ పాడి చెప్పేవారు పిచ్చిగుంట్లవారు. ఇప్పుడు వారిని వంశరాజులని గౌరవంగా పిలుస్తున్నాం. పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు ఇలాగే ఉండేవారు. వారికి మనం ఇచ్చింది తవ్వెడు జొన్నలు, ఒక పాత పంచె. వారు మనకు ఇచ్చింది మన ముత్తాతను. లెక్క చూస్తే ఎవరు ఎవరికి బాకీయో మీరే చెప్పండి.

ఊరి లెక్కలు కరణంగారి దగ్గర ఉండేవి. కరణాల దగ్గరి కవిలెలు చూసే కదా, కల్నల్ మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరి కైఫీయతులు రాసుకున్నారు! 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఆ రద్దు మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకు వద్దు. నేను అడంగలు, 10(1) ఖాతా, సెటిల్మెంట్ రిజిస్టర్లు ఏళ్ల తరబడి తిరగేసినవాణ్ణి. వాటిలో ఒకటి గమనించాను. భూమి ఉన్నవాడికే ఆ పుస్తకంలో పేరుంది. భూమి లేనివాడికి పేరు లేదు. ఆడవారి పేర్లు బహు అరుదు. ఉన్నా, ఫలానావారి భార్య, ఫలానావారి పెళ్లాం అని మగవాడి వెనక నిలబడ్డాయి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో భాగమిచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి వచ్చింది. దేశానికంతటికీ 2005లో వచ్చింది.

భూమి లేని ఇళ్లవారి పేర్లు ఎక్కడ దొరుకుతాయి? ఒక చోటు చెబుతాను. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని బీదలకు కూలి ఇప్పించారు. కరువు వెనక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మతం సంగతి ఎలా ఉన్నా, ఊరి లెక్కలో చోటు దక్కని మాలమాదిగ కుటుంబాలకు తల్లి పేరు, తండ్రి పేరు, బిడ్డ పేరు రాసే పుస్తకం చర్చిలో దొరికింది. మన సంఘంలోని క్రైస్తవ సోదరులు ఆ రిజిస్టర్లు చూడవచ్చు.

ఇప్పుడు శాస్త్రం చెప్పేది ఒకటి మనవి చేస్తాను. ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే, ఆమె జీవితానికంతటికీ కావలసిన అండాలు ఆమెలో తయారై ఉంటాయి. మా అమ్మ తన తల్లి కడుపులో ఉన్నప్పుడే, రేపు నేను కాబోయే అండం అందులో ఉంది. అంటే నేను కొన్ని నెలలు మా అమ్మమ్మ కడుపులో కూడా ఉన్నాను. అలాగే నా మనవరాలు మా ఆవిడ కడుపులో కొన్నాళ్లు ఉంది. ఈ మాట చెప్పినప్పుడు మా ఆవిడ, "అందుకే కామోసు, నా మాట తప్ప ఎవరి మాటా వినదు" అన్నది.

టాంజానియాలోని హాడ్జా అనే అడవి తెగ మధ్య క్రిస్టెన్ హాక్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు, ఆమె సహచరులు పనిచేశారు. అక్కడ కాన్పులు ఆగిపోయిన ముసలమ్మలు పొద్దస్తమానం దుంపలు తవ్వి మనవలకు పెడుతున్నారని గమనించారు. మనిషి జాతి ఇంతకాలం బతకడంలో, ఆడవారు బిడ్డల్ని కనే వయసు దాటాక కూడా అన్నేళ్లు జీవించడంలో, అమ్మమ్మల చాకిరీకి వాటా ఉందని వారి వాదం. మా మేనత్త పాతరలోని జొన్నలు నాకు వెంటనే గుర్తొచ్చాయి.

ఒక చిన్న లెక్క. మనకు తల్లిదండ్రులిద్దరు. తాతమ్మమ్మలు నలుగురు. వారి పైన ఎనిమిది మంది. ఇలా పది తరాలు పోతే 1,024 మంది, ఇరవై తరాలు పోతే 10 లక్షలకు పైన. నిజంగా అంతమంది వేరు వేరుగా ఉండరు. మేనరికాలు ఉన్న మన ఇళ్లలో ఒకే మనిషి రెండు మూడు చోట్ల తేలుతుంది. అయినా ఆ వేలమందిలో ఒక్కరు పిల్లాపాపా కలగక ముందే పోయి ఉంటే ఈ కుర్చీలో నేను లేను. వంశగౌరవం అంటే నా దృష్టిలో ఇంతే. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే గొప్పలు వద్దు. మా తాతమ్మ పాతర అడుగున జొన్నలు తిని బతికింది అని చెప్పుకుందాం. ఆ మాటకు కులం అడ్డు రాదు, మతం అడ్డు రాదు.

ఇక బారసాల నాటి సంగతి. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ హైదరాబాదులో ఇంజనీర్లు. రెండక్షరాల ముచ్చటైన పేరు ఎంచుకున్నారు. మా అక్క మాత్రం ఊరి నుంచి బస్సెక్కి వచ్చి, కరువులో మిగిలిన ఆ పేరే పెట్టాలన్నది. అక్కకు ఇద్దరూ మగపిల్లలే. వారికీ మగపిల్లలే. తన తరవాత ఆ పేరు మోసేవాళ్లు లేరని ఆమె బెంగ. "అమ్మవారి పేరు పెడితే బళ్లో పిల్లలు ఏడిపిస్తారత్తా" అన్నది మా అమ్మాయి. అల్లుడిగారి వైపు కూడా నాయనమ్మలు ఉన్నారు, వారి పేర్లూ ఉన్నాయి. మాట మాట పెరిగేలా ఉంది. నేను ఏ పక్కన మాట్లాడినా రెండో పక్క నొచ్చుకుంటుంది.

అప్పుడు మా వియ్యపురాలు అక్కను పక్కన కూచోబెట్టుకుని, "వదినగారూ, ఆ పేరు కథేమిటో నాకొకసారి చెప్పండి" అన్నారు. అక్క మొదలుపెట్టి పాతర దగ్గరికి వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. విన్నాక వియ్యపురాలు అల్లుడితో, "నాన్నా, మన వైపు పేరు రెండో బిడ్డకు పెట్టుకుందాం. ఇది వదిలేస్తే మళ్లీ దొరకదు" అన్నారు. బియ్యంలో రెండు పేర్లూ రాశారు. ముందు అక్షరాల పేరు, వెనక అమ్మవారి పేరు. బడిలో మొదటిది పిలుస్తారు. ఇంట్లో రెండోది. అక్క 2019లో పోయింది. పోయేముందు పిల్లను ఆ పేరుతో ఒకసారి పిలిచి, పలికిందాకా చూసింది.

పిల్లకు పదేళ్లప్పుడు బళ్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. నా దగ్గర కూచుని గీస్తూ గీస్తూ ఆగి అడిగింది: "తాతయ్యా, ఆ పాపను వాళ్లమ్మ ఎందుకు వదిలేసింది?"

ఈ ప్రశ్న మా అమ్మమ్మను నేను అడగలేదు. ఆమె తన అమ్మమ్మను అడిగిందో లేదో తెలియదు. నూట తొంభై ఏళ్లుగా ఎవరూ అడగనిది పసిపిల్ల అడిగింది. నేను కాసేపు ఆలోచించి, "వదిలెయ్యలేదమ్మా, దాచిపెట్టింది. తిండి ఉన్న చోట దాచింది. దాచింది కాబట్టే నువ్వున్నావు" అన్నాను. పిల్ల ఏమీ అనలేదు. చెట్టు అడుగున ఒక గుండ్రం గీసి, దానిలో మేనత్త అని రాసి రంగు వేసింది. పేరు తెలియని ఆ మేనత్తకు మా వంశవృక్షంలో అప్పుడు చోటు దొరికింది.

మిత్రులారా, ప్రసంగం విని చప్పట్లు కొట్టి వెళ్లిపోతే చాలదు. నాలుగు పనులు మనవి చేస్తున్నాను. పాత డైరీ ఒకటి తీసి, తెలిసిన పేర్లన్నీ రాయండి. ఆడవారి పుట్టింటి ఊరు, పుట్టింటి ఇంటిపేరు తప్పక రాయండి. మొదటగా మాసిపోయేవి అవే. గోడ మీది ఫొటోల వెనక పెన్సిలుతో పేరు, బంధుత్వం, సుమారు సంవత్సరం రాయండి. తిరుణాళ్లకో పెళ్లికో బంధువులు కలిసినప్పుడు అందరికన్నా పెద్ద మనిషి పక్కన కూచుని, మనవడి సెల్‌ఫోన్‌లో ఆ గొంతు రికార్డు చేయించండి. సాంకేతికం మనకు రాదంటారా, ఆ పని మనవలకు బాగా వచ్చు. తాతకు దగ్గులు నేర్పనక్కరలేదు గాని మీటలు నేర్పవచ్చు. నాలుగోది, కష్టాలు దాచకండి. అప్పులు, కరువులు, వలసలు, 1977 నవంబరు తుఫాను, పత్తి దెబ్బతిన్న 1987 నాటి రోజులు, అన్నీ చెప్పండి. ఎలా గట్టెక్కారో తెలిసిన పిల్లలకు తామూ గట్టెక్కగలమన్న ధైర్యం వస్తుంది.

మన పిల్లలు మనకు పెన్షన్ పుస్తకం, బ్యాంకు నామినీ, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయని అడుగుతారు. అడగాలి కూడా. ఆ కాగితాల సంచీలోనే ఈ డైరీ కూడా పెట్టండి. ట్రెజరీ వారు దానికి డబ్బివ్వరు. కాని నామినీ దస్తకాన్ని మించిన ఆస్తి అందులో ఉంటుంది.

తరవాతి నందన 2072లో వస్తుంది. అప్పటికి నా మనవరాలికి అరవై ఏళ్లు. ఆమె ఒళ్లో ఎవరు కూచుంటారో, ఆ పిల్లకు ఏ పేరు పెడతారో వారి ఇష్టం. జొన్నపాతర సంగతి మాత్రం ఆ ఒడికి చేరేలా చూడటం మన వంతు.